అవుటైనా ఆటలోనే!

*ఊళ్లో యువజన సంఘం ఉంది. బ్యాటూ బంతీ ఉన్నాయి. ఆదివారం ఆటా నడుస్తోంది. మరి అందులో చెమట పట్టేది ఎంతమందికి? వచ్చిన ప్రతి ఒక్కరినీ గంటసేపు కదిలించే ఆటలేమిటి, వాటిని ఎలా ఆడించాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత కుటుంబాల కోసం ఈ వారం ప్రత్యేక కథనం.*

ఆదివారం పొద్దున ఏ ఊరి బడి మైదానానికైనా వెళ్లి ఓ పది నిమిషాలు నిలబడి లెక్కపెట్టండి. పాతికమంది వచ్చి ఉంటారు. ఒకరు బంతి వేస్తుంటారు, ఇద్దరు వికెట్ల మధ్య పరుగెడుతుంటారు. ఇంకో ఇద్దరు ముగ్గురు బంతి వెంట ఉరుకుతుంటారు. మిగతావాళ్లు? కొందరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటారు, కొందరు గోడ మీద కూర్చుని ఫోను చూస్తుంటారు. ఆడపిల్లలు అసలు కనిపించరు. కాస్త లావుగా ఉన్న పిల్లాడికి బ్యాటింగ్ వంతు చివర్లో వస్తుంది. రెండు బంతులు ఆడి అవుటై, మళ్లీ గోడెక్కుతాడు.

ఇది క్రికెట్ తప్పు కాదు. సరదాకి ఆడే ఆటలు చాలావరకు ఇలాగే ఉంటాయి. సరిగా పరుగెత్తలేనివారు, ఆయాసపడేవారు, కొత్తగా వచ్చినవారు ముందుగా అవుటవుతారు. అవుటైతే కూర్చోవాలి. అంటే వ్యాయామం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే తక్కువసేపు ఆడుతున్నారు. బాగా ఆడేవాళ్లు ఇంకా బాగా ఆడతారు. మిగిలినవాళ్లు నాలుగు వారాల తర్వాత రావడం మానేస్తారు. ఊళ్లో యువజన సంఘం పేరు బోర్డు మీద మిగులుతుంది, ఆట మాత్రం పదిమంది కుర్రాళ్లదవుతుంది.

ఆరోగ్యం కోసం ఆడించాలనుకుంటే ఒక్క నియమం మారిస్తే చాలు. అవుటైనవాళ్లు కూర్చోకూడదు!

రోజుకెంత ఆట కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా, ఊపిరి వేగం పెరిగేలా ఆడాలి. వారంలో కనీసం 3 రోజులు ఎముకలు, కండరాలు గట్టిపడే గెంతులు, పరుగులు, లాగుళ్లు ఉండాలి. పెద్దలకైతే వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ అవసరం.

వాస్తవం దీనికి చాలా దూరంగా ఉంది. అదే సంస్థ పరిశోధకులు 2016 నాటి లెక్కలతో 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ప్రపంచంలో 11–17 ఏళ్ల పిల్లల్లో నూటికి 81 మందికి ఆ గంట ఆట కూడా దక్కడం లేదు. మగపిల్లల్లో 78 శాతమైతే, ఆడపిల్లల్లో 85 శాతం. ఇంకోవైపు మన దేశంలో మధుమేహులు 10 కోట్లు దాటారనీ, మధుమేహానికి ముందు దశలో మరో 13 కోట్ల 60 లక్షల మంది ఉన్నారనీ 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. అది పట్నాల జబ్బు, పల్లెలకు రాదు అనుకునే రోజులు పోయాయి. ఊళ్లోనూ బైకుంది, ఫోనుంది, చిప్స్ పొట్లాలు వేలాడే అంగడి ఉంది.

'పొలం పని చేసేవాళ్లకు మళ్లీ ఆటలెందుకు?' అని పెద్దవాళ్లు అడుగుతుంటారు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ రోజంతా వంగి పత్తి తీసే పనిలో నడుం ఒకే రకంగా అరుగుతుంది. గుంత మగ్గం మీద కూర్చునేవారి మెడ, వీపు బిగుసుకుపోతాయి. ఆటలో ఒళ్లు అన్ని వైపులా తిరుగుతుంది. అన్నిటికీ మించి, పనిలో నవ్వు ఉండదు. ఆటలో ఉంటుంది.

ఒక్కరే పరుగెత్తడం కన్నా...

కలిసి ఆడటంలో అదనపు లాభం ఉందని పరిశోధనలూ చెబుతున్నాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పడవ నడిపే క్రీడాకారులతో చేసిన ఓ చిన్న ప్రయోగం 2010లో అచ్చయింది. అంతే కష్టం, అంతే సమయం. కానీ ఒంటరిగా చేసినప్పటికన్నా జట్టుగా చేసినప్పుడు వాళ్లు నొప్పిని ఎక్కువగా తట్టుకోగలిగారు. జట్టుగా శ్రమిస్తే ఒంట్లో హాయినిచ్చే ఎండార్ఫిన్లు ఎక్కువగా విడుదలవుతాయని పరిశోధకుల అంచనా.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో 8,577 మందిని దాదాపు 25 ఏళ్లు గమనించిన అధ్యయనం 2018లో వెలువడింది. కదలకుండా ఉండేవారితో పోలిస్తే జాగింగ్ చేసేవారి ఆయుర్దాయం 3.2 ఏళ్లు ఎక్కువ కనిపించింది. ఫుట్‌బాల్ ఆడేవారిలో అది 4.7, బ్యాడ్మింటన్ ఆడేవారిలో 6.2, టెన్నిస్ ఆడేవారిలో 9.7 ఏళ్లు. ఆటే ఆయుష్షు పెంచిందని దీన్నిబట్టి తేల్చేయలేం. ఆడేవారి రాబడి, అలవాట్లు కూడా కారణం కావచ్చు. అయినా పదిమందితో కలిసి ఆడే ఆటలే ముందున్నాయన్నది గమనించాల్సిన విషయం.

కళ్లజోడు పిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో కొన్ని బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపేలా చేశారు. మూడేళ్ల తర్వాత చూస్తే ఆ బడుల్లో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చిన పిల్లలు 30.4 శాతం, మిగతా బడుల్లో 39.5 శాతం. 2015లో ప్రచురితమైన ఫలితమిది. ఆరుబయట వెలుతురులో గడపడం కంటికి కూడా మందేనన్నమాట.

ఎనిమిది ఆటలు... ఎవరూ కూర్చోరు

వీటిలో చాలావరకు మీకు తెలిసినవే. మీ నాయనో, జేజో ఆడినవే. ఖర్చు దాదాపు లేదు. నియమాల్లో చిన్న మార్పు ఎక్కడ చేయాలో చూడండి.

1. నేల – బండ

ఎంతమందైనా ఆడొచ్చు. దొంగను 'నేల కావాలా, బండ కావాలా' అని అడుగుతారు. నేల కోరుకుంటే మిగతావాళ్లు బండల మీద, గట్ల మీద ఉండాలి. కిందికి దిగినవాళ్లను దొంగ ముట్టుకోవాలి. ఎక్కడం, దిగడం, తప్పించుకోవడం వల్ల పిక్కలకు, తొడలకు మంచి పని. దొరికినవాళ్లు కూర్చోరు, దొంగతో చేయి కలుపుతారు. ఇద్దరు, ముగ్గురు, నలుగురు దొంగలయ్యేకొద్దీ ఆట వేడెక్కుతుంది. మెట్లు, అరుగులు మోకాలి ఎత్తు మించకుండా చూసుకోండి.

2. గద్ద – కోడిపిల్లలు

పది నుంచి పన్నెండు మంది ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా నిలబడాలి. ముందున్నది తల్లికోడి. ఎదురుగా గద్ద. వరసలో చివరనున్న పిల్లను ముట్టుకోవడమే గద్ద పని. తల్లి చేతులు చాచి అడ్డం తిరుగుతుంటే వెనకనున్న తోక మొత్తం అటూ ఇటూ ఊగుతుంది. రెండు నిమిషాల్లో అందరూ ఎగశ్వాసతో ఉంటారు, అయినా నవ్వు ఆగదు. దొరికిన పిల్ల గద్ద అవుతుంది, గద్ద వరసలో చేరుతుంది. కొత్తవాళ్ల బెరుకు పోగొట్టడానికి ఇంతకన్నా మంచి ఆట లేదు.

3. ఏడుపెంకులాట

ఏడు చదునైన పెంకులు, ఒక మెత్తటి రబ్బరు బంతి, రెండు జట్లు. కన్నడం మాట్లాడే ఇళ్లలో దీన్నే లగోరి అంటారు. ఒక జట్టు బంతితో పెంకుల దొంతి పడగొట్టి మళ్లీ పేర్చాలి. రెండో జట్టు బంతితో కొట్టి ఆపాలి. గురి, వంగి లేవడం, హఠాత్తుగా పరుగు అందుకోవడం అన్నీ ఇందులో ఉన్నాయి. మార్పు ఏమిటంటే, బంతి తగిలినవాళ్లు దూరంగా ఉన్న ఒక చెట్టును ముట్టుకుని వచ్చి మళ్లీ ఆటలో చేరాలి. నడుం కిందే కొట్టాలన్నది మాత్రం గట్టి నియమం. టెన్నిస్ బంతిని నీళ్లలో నానబెట్టి కొట్టడం లాంటి సరదాలు వద్దు. కంటికి తగిలితే ప్రమాదం.

4. ముట్టుడు చెడుగుడు

కబడ్డీ 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో చేరింది. మహిళలకు 2010 గ్వాంగ్‌జౌ క్రీడల నుంచి చోటు దొరికింది. కానీ మ్యాట్ లేని నేల మీద, సాధన లేని మోకాళ్లతో పట్లు పడితే కీళ్లు దెబ్బతింటాయి. అందుకే క్లబ్బులో పట్టు లేని చెడుగుడు ఆడించండి. కూతకు వచ్చినవాళ్లను చేత్తో ముట్టుకుంటే చాలు. మార్పు ఇదీ: ముట్టుబడినవాళ్లు బయటికి పోరు, అవతలి జట్టులో చేరతారు. చివరికి అందరూ ఒకే వైపుకు చేరితే ఆట ముగిసినట్టే. గెలిచిందెవరని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు. కూత ఆపకుండా కదలడం ఊపిరికి మంచి సాధన కూడా.

5. ఖోఖో

2025 జనవరి 13 నుంచి 19 వరకు ఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచ కప్ జరిగింది. పురుషుల, మహిళల విభాగాలు రెండింటిలోనూ ఫైనల్లో నేపాల్‌ను ఓడించి మన జట్లే గెలిచాయి. పిల్లలకు ఈ కబురు చెప్పి మొదలుపెట్టండి, ఉత్సాహం వస్తుంది. ఎనిమిది మంది ఒకరు ఒకవైపు, ఇంకొకరు మరోవైపు ముఖం పెట్టి వరసగా కూర్చుంటారు. తరిమేవాళ్లు 'ఖో' అంటూ వీపు తట్టగానే కూర్చున్నవాళ్లు లేచి తరమాలి. కూర్చోవడం, లేవడం, మలుపు తిరగడం తొడ కండరాలకు గొప్ప వ్యాయామం. పట్టుబడినవాళ్లు మైదానం చుట్టూ ఒక రౌండు వేసి, తర్వాతి గుంపులో చేరాలి.

6. కుర్చీలు కాదు, గోనెసంచులు

కుర్చీలాటలో మొదట అవుటైనవారు చివరిదాకా చప్పట్లు కొడుతూ ఉండాల్సిందే. దీన్ని తిరగేయండి. పదిహేను మందికి పది గోనెసంచులు నేలమీద పరచండి. పాట ఆగగానే అందరూ సంచుల మీదికి చేరాలి. ప్రతిసారీ ఒక సంచి తీసేయండి, మనిషిని మాత్రం తీయొద్దు. చివర్లో రెండే సంచులు మిగిలినప్పుడు పదిహేను మంది ఒకరినొకరు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడాల్సి వస్తుంది. అందరూ నిలిస్తే అందరూ గెలిచినట్టు. ఒంటిని నిలకడగా నిలిపే శక్తి పెరుగుతుంది, ఎవరూ పరాయివాళ్లు కారన్న భావమూ కలుగుతుంది. ఆడ, మగ వేరుగా ఆడిస్తే ఇంట్లో అభ్యంతరాలూ రావు.

7. బిందె పరుగు

జట్టుకు ఒక చిన్న ప్లాస్టిక్ బిందె, సగం నీళ్లు. వంతులవారీగా ఇరవై అడుగులు నడిచి వెళ్లి, తిరిగొచ్చి తర్వాతి వారికి అందించాలి. ముందొచ్చినవారు కాదు, నీళ్లు ఎక్కువ మిగిల్చినవారే గెలిచినట్టు. వేగంగా పరుగెత్తలేనివారు ఇందులో హీరోలవుతారు. ఆట అయ్యాక ఆ నీళ్లు మొక్కలకు పోయండి. ఈ ప్రాంతంలో నీళ్ల విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

8. కోలాటం, చెక్కభజన

ఇవి గుడి ముందరి కళలే కాదు, చక్కటి వ్యాయామాలు కూడా. అరగంట కోలాటం ఆడితే గుండె వేగం చురుకైన నడకకు దీటుగా పెరుగుతుంది. చేతికీ, కాలికీ, చెవికీ పొత్తు కుదరాలి కాబట్టి మెదడుకూ పనే. పరుగు చేతకాని అమ్మలు, అవ్వలు సైతం దర్జాగా చేరగలిగే ఆట ఇది. పెద్దవాళ్లు వస్తే వాళ్లతోపాటు ఆడపిల్లలూ వస్తారు.

ఒక గంట ఇలా...

ఆడించేవారు వచ్చీరాగానే పోటీ పెట్టేస్తారు. బిగుసుకున్న కండరం మీద హఠాత్తుగా భారం పడితే పట్టేస్తుంది. గంటను ఇలా పంచుకోండి.

- మొదటి 10 నిమిషాలు: మెల్లగా నడక, చిన్న పరుగు, చేతులు తిప్పడం, మోకాళ్లు ఎత్తి కవాతు.
- తర్వాతి 10 నిమిషాలు: గద్ద – కోడిపిల్లలు లాంటి నవ్వులాట.
- 25 నిమిషాలు: పరుగు ఎక్కువ ఉండే ఆట. మధ్యలో నీళ్ల కోసం రెండుసార్లు ఆపాలి.
- 10 నిమిషాలు: బిందె పరుగు, గోనెసంచులు వంటి నెమ్మది ఆట.
- చివరి 5 నిమిషాలు: పిక్కలు, తొడలు, నడుం సాగదీయడం, దీర్ఘశ్వాస.

ఆటలో శ్రమ సరిపోతోందా లేదా తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతుంటే అది ఓ మోస్తరు శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టి శ్రమ. అసలు మాటే రాకపోతే ఆపాలి.

పన్నెండేళ్లకే ఆట ఆగిపోతే...

ఆరో తరగతి దాకా అందరితో ఉరికిన ఆడపిల్ల ఏడు, ఎనిమిదికి వచ్చేసరికి గడప దగ్గర నిలబడి చూస్తుంటుంది. 'పెద్దదైంది, ఇంకేం ఆటలు' అంటారు. ఎముకలు గట్టిపడేందుకు అత్యంత కీలకమైన వయసు సరిగ్గా అదే. ఇరవైల్లోకి వచ్చేలోపు కూడబెట్టుకున్న ఎముక బలమే నడివయసులో అక్కరకొస్తుంది. గెంతే, పరుగెత్తే ఆటలు ఆ బలాన్ని పెంచుతాయి. ఆ వయసులో ఆపేసిన ఆటకు యాభై ఏళ్లప్పుడు మోకాళ్లు, నడుం మూల్యం చెల్లిస్తాయి.

నెలసరిలో ఆడకూడదన్న నియమం వైద్యశాస్త్రంలో లేదు. ఓపిక ఉంటే ఆడొచ్చు. చాలామందికి కదలిక వల్ల నొప్పి తగ్గుతుంది కూడా. ఓపిక లేకపోతే ఆ రెండు రోజులు మానేయొచ్చు. ఆ నిర్ణయం అమ్మాయిదే కావాలి.

అయితే ఆయాసాన్ని బద్ధకం అనుకోకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో అది 58.8 శాతం. పదిమంది అమ్మాయిలు మైదానానికి వస్తే ఆరుగురికి రక్తం తక్కువగా ఉండొచ్చు. రెండు రౌండ్లకే గుండె దడ, కళ్లు తిరగడం, పాలిపోయిన ముఖం కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే చికిత్స తీసుకోవాలి. బడిలో వారానికి ఒకటి చొప్పున ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. కాఫీ, టీలతో మాత్రం వద్దు. రక్తం పట్టాక అదే అమ్మాయి ఎలా ఉరుకుతుందో చూడండి!

అమ్మాయిలు రావాలంటే సంఘం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. చీకటి పడకముందే ఆట ముగించాలి. ఒక అక్కో, అత్తో, టీచరమ్మో మైదానంలో ఉండాలి. బడి మరుగుదొడ్డి తాళం అడిగి తెచ్చుకోవాలి. సల్వారు, ట్రాక్ ప్యాంటు ఏది వేసుకున్నా వంక పెట్టకూడదు. కుర్రాళ్లు చుట్టూ చేరి వీడియోలు తీయకుండా చూడాలి. ఈ ఒక్క విషయంలో అజాగ్రత్తగా ఉంటే మరుసటి వారం ఒక్కరూ రారు.

పొరుగునే ఉదాహరణ ఉంది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు చెందిన స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లె పిల్లలు, వారితోపాటు ఆడపిల్లలు హాకీ, ఫుట్‌బాల్, జూడో లాంటి ఆటలు నేర్చుకుంటున్నారు. టెన్నిస్ దిగ్గజం రఫెల్ నడాల్ ఫౌండేషన్ 2010లో ఆ ఊళ్లోనే టెన్నిస్ బడి తెరిచింది. అక్కడ ఆటతోపాటు ఇంగ్లిషు, కంప్యూటరు కూడా నేర్పుతారు. కరవు సీమ పిల్లలకు టెన్నిస్ ఎందుకని ఎవరూ అనుకోలేదు. మన ఊరి పిల్లలకు ఏడుపెంకులాట చాలదా?

సుగ్గికి వెళ్లొచ్చే పిల్లలు

కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆదోని మండలాల ఊళ్లకు ఓ ప్రత్యేక సమస్య ఉంది. పంట పనులు ముగిశాక ఎన్నో కుటుంబాలు మిరపకోతలకు, పత్తితీతలకు గుంటూరు వైపు, తెలంగాణ వైపు వలస వెళ్తాయి. దీన్నే సుగ్గికి పోవడం అంటారు. కొందరు పిల్లలు వాళ్లతో వెళ్తారు, కొందరు ఊళ్లో అవ్వ దగ్గరో, హాస్టల్లోనో ఉండిపోతారు. నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లాడికి బడిలో పాఠం అందదు. క్లబ్బు జట్టులో చోటూ పోయి ఉంటుంది.

అందుకే ఈ ప్రాంతంలో స్థిరమైన జట్లు పెట్టుకోకపోవడమే మేలు. ప్రతి ఆదివారం వచ్చినవాళ్లతో కొత్తగా జట్లు వేయండి. ఇద్దరు పెద్దపిల్లలు 'నాకు నువ్వు, నాకు నువ్వు' అని ఏరుకునే పద్ధతి వద్దు. ఎప్పుడూ చివర్లో మిగిలే పిల్లాడికి అది ప్రతివారం అవమానమే. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్కపెట్టి విడదీయండి. అమ్మానాన్నలు సుగ్గికి వెళ్లి, ఒంటరిగా ఊళ్లో ఉన్న పిల్లలకు ఆ గంట ఆట మనసుకు పెద్ద ఊరట. పిల్లాడు నాలుగు వారాలు కనిపించకపోతే 'ఎందుకు రాలేదురా' అని అడిగే ఒక అన్న ఉండాలి. ఆ మాటకు మందుకున్నంత విలువ ఉంది.

నేల చూసి, ఎండ చూసి...

నల్లరేగడి పగుళ్లు: ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలిస్తుంది. ఆ పగుళ్లలో కాలు ఇరుక్కుంటే మడమ మెలికపడుతుంది. వానాకాలంలో అదే నేల జారుతుంది. వీలైతే ఎర్రనేల మైదానం ఎంచుకోండి. ఆటకు ముందు నలుగురు వరసగా నడుస్తూ రాళ్లు, గాజుపెంకులు, తుమ్మముళ్లు, పల్లేరుకాయలు ఏరేయాలి. అదే మొదటి ఆట అనుకోండి.

పత్తి చేలు: మందు కొట్టిన చేల పక్కన ఆ రోజు ఆడించొద్దు. బంతి చేలో పడితే చేతులు కడుక్కోవాలి. పురుగుమందు డబ్బాలను నీళ్లకు, గుర్తులకు, దేనికీ వాడకూడదు.

ఎండ: మార్చి నుంచి జూన్ దాకా ఉదయం 8 లోపు, లేదా సాయంత్రం 5.30 తర్వాతే ఆట. దాహం వేసేదాకా ఆగకుండా 15–20 నిమిషాలకోసారి గ్లాసు నీళ్లు తాగించండి. ఉప్పు వేసిన మజ్జిగ ఇంకా మేలు. లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు సరిసమానంగా కొలిచి కలిపితే ఇంట్లోనే ఓఆర్ఎస్ తయారు.

తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం వడదెబ్బకు ముందు హెచ్చరికలు. వెంటనే నీడకు చేర్చాలి. మాట తడబడినా, మనిషి తికమకగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా అది అత్యవసరం. 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

కాలువ: ఆట అయ్యాక చెమటతో నేరుగా ఎల్లెల్సీ కాలువకో, తుంగభద్రకో పోవడం కుర్రాళ్లకు అలవాటు. పారే నీటి లాగుడు పైకి కనిపించదు. అలసిన కాళ్లతో ఈదలేరు. ఒకరు మునుగుతుంటే ఈత రానివారు దూకడంతో ఇద్దరూ పోతారు. 'ఆట తర్వాత కాలువలో దిగితే రెండు వారాలు క్లబ్బుకు రావద్దు' అని మొదటిరోజే చెప్పండి.

బెణుకులు: మడమ మెలికపడితే ఆట ఆపి, గుడ్డలో చుట్టిన ఐసు 15–20 నిమిషాలు పెట్టండి. కాలు ఎత్తులో ఉంచండి. మొదటి రెండు రోజులు నూనె రాసి తోమడం, కాపడం పెట్టడం వల్ల వాపు పెరుగుతుంది. నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాకే కట్టు.

గాయాలు: మట్టిగాయాన్ని సబ్బు, శుభ్రమైన నీటితో కడగాలి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. 10, 16 ఏళ్లప్పుడు వేయించాల్సిన టీడీ టీకా వేయించారో లేదో కార్డు చూసుకోండి.

వీళ్లు ముందు డాక్టరును కలవాలి

- ఆడుతుండగా ఎప్పుడైనా స్పృహ తప్పినవారు, ఛాతీలో నొప్పి వచ్చినవారు
- ఇంట్లో 50 ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా గుండె ఆగి చనిపోయినవారు
- చిన్నప్పుడు కీళ్ల వాపుతో జ్వరం వచ్చి గుండెకు మందులు వాడుతున్నవారు
- ఆస్తమా ఉన్నవారు (ఆడొచ్చు, ఇన్‌హేలర్ దగ్గర ఉండాలి)
- మూర్ఛ, మధుమేహానికి మందులు వాడుతున్నవారు
- నలభై దాటి, ఏళ్ల తరబడి ఆటకు దూరమై ఒక్కసారిగా దిగాలనుకునేవారు

తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకు ఆట బంద్. వాంతి, మగత, తీవ్ర తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆట తర్వాత ఉగ్గాని!

ఆడిన గంటలోపు పిండిపదార్థం, కొంచెం మాంసకృత్తులు అందితే కండరాలు త్వరగా కోలుకుంటాయి. దానికి డబ్బాల్లో అమ్మే పొడులు అక్కర్లేదు. మన బొరుగుల ఉగ్గానిలో పప్పులపొడి దండిగా వేసి, పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెడితే చాలు. మిరపకాయ బజ్జీ నెలకోసారి సరదాగా సరే, ప్రతివారం వద్దు. జొన్నరొట్టె, శనగకాయల చట్నీ, మజ్జిగ ఇంకా మంచి జోడి. గుప్పెడు వేయించిన శనగకాయలు, చిన్న బెల్లం ముక్క కూడా బాగుంటాయి. రంగురంగుల కూల్‌డ్రింకులు, కెఫీన్ ఉండే ఎనర్జీ డ్రింకులు మాత్రం పిల్లలకు వద్దే వద్దు.

మీరేం చేయొచ్చు?

ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో ఉద్యోగం, వ్యాపారం చేసుకుంటున్న కుటుంబాల్లో చాలామందికి చుట్టుపక్కల ఊళ్లలో అన్నదమ్ములో, అత్తమామలో ఉంటారు. నెలకు రెండు ఆదివారాలు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ట్యూషన్ పిల్లలకు ఊరి పిల్లలు నేల – బండ నేర్పుతారు. ఇరువైపులా లాభమే.

పాతికమందికి సరిపడా సామాను మహా అయితే ఓ చేతిసంచి నిండుతుంది. రెండు రబ్బరు బంతులు, ఏడు పెంకులు, పది గోనెసంచులు, రెండు బిందెలు, ఓ ఈల, గీతలకు కాస్త సున్నం. దీనికి తోడు ప్రథమ చికిత్స డబ్బా, తాగునీటి క్యాను తప్పనిసరి. 15 నుంచి 29 ఏళ్లవారు సంఘంగా ఏర్పడితే జిల్లా నెహ్రూ యువ కేంద్రంలో నమోదయ్యేవారు. 1972లో మొదలై పల్లె యువతతో పనిచేసిన వ్యవస్థ అది. ఇప్పుడు 2023 అక్టోబరు 31న కేంద్రం ప్రారంభించిన మేరా యువ భారత్‌లో యువత పేర్లు నమోదు చేసుకోవచ్చు. మైదానం కోసం బడి హెచ్‌ఎం సారునో, పీఈటీ సారునో ముందే కలిసి మాట్లాడండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇంకో మాట. సంక్రాంతికో, జాతరకో పోటీలు పెట్టినప్పుడు కప్పు, నగదు గెలిచిన జట్టుకు ఇవ్వండి, తప్పులేదు. పందేలు, బెట్టింగు మాత్రం దరి చేరనివ్వకండి. డబ్బు పందెం మొదలైన మైదానానికి ఏ తల్లీ పిల్లల్ని పంపదు. వాటితోపాటు ఏడాదంతా ఎక్కువ ఆదివారాలు వచ్చిన పిల్లలకు కూడా ఒక బహుమతి పెట్టండి. అది బాగా ఆడేవాడికి రావచ్చు, ఎప్పుడూ మొదట అవుటయ్యే పిల్లాడికీ రావచ్చు. రెండోదే జరిగితే మీ క్లబ్బు ఆరోగ్యంగా నడుస్తున్నట్టు లెక్క.